‘నేను’ అన్న మనిషి: ఫిఖ్టే మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో జర్మన్ భావవాదుల మీద వచ్చిన వ్యాసంలో పద్దెనిమిదో శతాబ్దపు చివర పేరుకెక్కిన తత్వవేత్త యోహాన్ గొట్లీబ్ ఫిఖ్టే వాటాకు ఒక్క పేరాయే దక్కింది. ఉత్తరాలు మాత్రం దాదాపు అన్నీ ఆ పేరా మీదే వచ్చాయి. కొందరి లెక్కలో ఆయన అహంకారి, కొందరి లెక్కలో నాస్తికుడు, ఇద్దరు ముగ్గురి దృష్టిలో ఏకంగా హిట్లర్‌కు తాత. ఒకప్పుడు తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకున్నవాణ్ని కాబట్టి సంపాదకులు ఆ ఉత్తరాల కట్ట నా బల్ల మీద పడేసి వెళ్లారు. ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను. తిట్టినవాటిని కూడా చదివాను.

ప్రశ్న: ‘నేను తనను తాను స్థాపించుకుంటుంది’ అని మా పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ తర్వాత ఆ ‘నేను’ ప్రపంచాన్ని కూడా స్థాపిస్తుందట. అంటే నేను కళ్లు మూసుకుంటే ప్రపంచం మాయమవుతుందా? పరీక్షలో ఏమి రాయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు ఒక తరగతి గదికి వెళదాం. ఊరు జర్మనీలోని విశ్వవిద్యాలయ పట్టణం యేనా, కాలం 1790ల చివర. నార్వేలో పుట్టిన హెన్రిక్ స్టెఫెన్స్ అనే యువకుడు ఆ గదిలో కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాల్లో ఆ పాఠాన్ని వర్ణించాడు. ఫిఖ్టే వచ్చి, బయటి వస్తువుల ఊసు వద్దు, మీలోకి మీరు చూసుకోండి అన్నాడు. కొందరు నిటారుగా సర్దుకున్నారు, కొందరు తలలు వంచుకున్నారు. ‘గోడ గురించి ఆలోచించండి’ అన్నాడు. అందరూ ఆలోచించారు. అంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. ‘ఆలోచించారు కదా, ఇప్పుడు గోడ గురించి ఆలోచించినవాడి గురించి ఆలోచించండి’ అన్నాడు. అక్కడ గది తడబడింది. ఎటు చూడాలో, దేన్ని పట్టుకోవాలో తెలియక విద్యార్థుల ముఖాల్లో కలవరం కనిపించిందట.

మీ పుస్తకంలోని వాక్యమంతా ఆ తడబాటులోనే ఉంది. గోడ ఎదురుగా ఉంటుంది. మీరు పట్టించుకున్నా, మానేసినా అది గోడే. గోడను తలచినవాడి కోసం వెతికితే మాత్రం అలా ఎదురుగా ఏదీ దొరకదు, వెతకడం అనే పని ఒక్కటే చేతికి తగులుతుంది. తనను తాను ఎరగడమనే పని సాగుతున్నంత మేరకే ‘నేను’ ఉంటుంది. ఆ పనికి ముందే ఏదో మూల దాక్కుని కూర్చున్న పదార్థం ఒకటి లేదు. చేసేవాడు, చేసే పని, ఆ పని వల్ల పుట్టినది, మూడూ ఇక్కడ వేరు కావు. ‘స్థాపించుకోవడం’ అంటే ఇంతే. ఇది మొదటి సూత్రం.

అయితే దేనికీ తట్టుకోకుండా సాగిపోయే ‘నేను’కు తానున్నానన్న ఎరుక ఎలా కలుగుతుంది? ఎక్కడో ఒకచోట అడ్డు తగలాలి. అలా తగిలేది ‘నేను-కానిది’. ఇది రెండో సూత్రం. రెండూ పూర్తిగా ఉండాలంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి కనుక కొంత మేర ఇది, కొంత మేర అది అని హద్దులు గీసుకోక తప్పదు. ఇది మూడోది. 1794లో యేనాలో తన శ్రోతల కోసం విడివిడి ఫారాలుగా అచ్చు వేయించుకున్న గ్రంథం ఈ మూడింటితో మొదలవుతుంది.

ఇక మీ భయం సంగతి. ఆ ‘నేను’ మీరు కాదు, నేనూ కాదు. హాల్ టికెట్టు మీద పేరున్న వ్యక్తి అసలే కాదు. ప్రతి వ్యక్తిలోనూ ‘ఇది నాకు తెలుస్తోంది’ అనిపించే ఆ చర్యను ఆయన విడదీసి చూపిస్తున్నాడు. అడ్డు ఎందుకు తగిలిందన్న దానికి తత్వశాస్త్రం కారణం అల్లి ఇవ్వలేదని కూడా ఒప్పుకున్నాడు. అది తగిలింది, అంతే. తగిలినదాన్ని బల్లగా, బరువుగా, పక్కింటి మనిషిగా రూపుకట్టించుకునే పని మాత్రం మన చైతన్యానిది. కాబట్టి కళ్లు నిశ్చింతగా మూసుకోండి, ప్రపంచం ఎక్కడికీ పోదు. ప్రపంచం ఉందా లేదా అన్న తగవు మీద ఆయనకు పెద్ద ఆసక్తి కూడా లేదు. మనం చేయవలసిన పనికి అది ముడిసరుకు అన్నది ఆయన పట్టుదల.

మీలాగే అర్థం చేసుకుని నవ్వినవారు ఆ రోజుల్లోనే ఉన్నారు. విద్యార్థుల రహస్య సంఘాలను ఎత్తివేయించాలని ఫిఖ్టే పూనుకున్నందుకు 1795లో కొందరు ఆయన ఇంటి కిటికీల మీద రాళ్లు రువ్వారు. ఆ సంగతి విన్న మహాకవి గేథే ఒక ఉత్తరంలో చమత్కరించాడు: పరమ ‘నేను’ ఇబ్బందిలో పడిందన్నమాట, తాము స్థాపించిన ‘నేను-కానివి’ ఇలా అద్దాలు పగలగొట్టుకుని లోపలికి రావడం మర్యాద కాదు సుమా, అని. ఫిఖ్టే నవ్వాడో లేదో గానీ, ఆ వేసవికి ఊరు వదిలి దగ్గర్లోని ఓస్మాన్‌స్టెట్ అనే పల్లెకు మకాం మార్చాడు.

పరీక్షలో మూడు సూత్రాలనూ వరుసగా రాయండి. గోడ కథ కూడా కలిపితే దిద్దేవారికి కాస్త ఊపిరాడుతుంది.

ప్రశ్న: ఈయన చెప్పిన ‘నేను’ మన అద్వైతంలోని ఆత్మే కదా! శంకరులు ఎప్పుడో చెప్పినది ఈయన వెయ్యేళ్ల తర్వాత చెప్పాడని రాయడానికి మీకు మొహమాటమెందుకు?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మొహమాటం కాదండీ, నేను ఒప్పుకోను. శంకరుల ఆత్మ కర్త కాదు, భోక్త కాదు, సాక్షి మాత్రమే. ఫిఖ్టే ‘నేను’లోంచి కర్తృత్వాన్ని తీసేస్తే మిగిలేది సున్న. అద్వైతంలో కర్మ చిత్తశుద్ధికి పనికొస్తుంది, ముక్తి మాత్రం జ్ఞానం వల్లనే. ఫిఖ్టే దగ్గర వరుస తిరగబడింది. మనిషి తెలుసుకునేది చేయడం కోసమే అంటాడు. అవిద్య తొలగితే అద్వైతికి ద్వంద్వం అణగిపోతుంది. ఫిఖ్టేకు ‘నేను’కూ ‘నేను-కానిదాని’కీ మధ్య పెనుగులాట ఏనాటికీ ముగియదు. ముగిసిపోతే నైతిక జీవితమే ఉండదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. 1796లో వెలువడిన సహజ హక్కుల గ్రంథంలో ఆయన ఒక వింత వాదం చేశాడు. ఇంకొక మనిషి నన్ను స్వేచ్ఛగల జీవిగా ఎంచి పిలిస్తే తప్ప నేను స్వేచ్ఛాజీవినన్న ఎరుక నాకు కలగదట. మనుషుల నడుమ తప్ప మనిషి మనిషి కాలేడని ఆయన తేల్చిన మాట. అంటే రెండోవాడు లేనిదే మొదటివాడు లేడు. ‘ఏకమేవాద్వితీయం’ అన్న పక్షానికి ఇది రుచించదు.

1800 తర్వాత బెర్లిన్‌లో చెప్పిన పాఠాల్లో పరమసత్తా, దాని ప్రతిబింబంగా జ్ఞానం వంటి మాటలు వస్తాయి. పోలిక వెతకదలిస్తే అక్కడ వెతకండి. ఒక పిడకల వేట: మన ఉపనిషత్తులను నెత్తిన పెట్టుకున్న జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్ 1811 నుంచి కొంతకాలం ఫిఖ్టే తరగతిలోనే కూర్చున్నాడు. నోట్సు రాసుకుంటూ మధ్యమధ్య వెక్కిరింతలు కూడా రాసుకున్నాడు. బహుశా ఆ గదిలో అందరికంటే శ్రద్ధగా విన్నవాడు ఆయనే.

ప్రశ్న: పెద్దబాతులు కాసిన కుర్రవాడు ప్రసంగం ఒప్పజెప్పి ప్రొఫెసర్ అయ్యాడని మా పిల్లలకు కథ చెప్పాను. నిజమేనా? ఆయన జీవితం గురించి ఇంకాస్త రాయండి.
– ఒక తల్లి

జవాబు: కథ ఆయన ఇంటివారి ద్వారా వచ్చింది. సాక్సనీలోని రామెనావు అనే ఊళ్లో 1762 మే 19న రిబ్బన్లు నేసే ఇంట్లో పెద్ద కొడుకుగా పుట్టాడు. ఒక ఆదివారం ఫాన్ మిల్టిట్స్ అనే ప్రభువు చర్చికి ఆలస్యంగా వచ్చాడని, ప్రసంగం పోయిందని బాధపడుతుంటే ఊరివారు ఈ కుర్రవాణ్ని పిలిపించారని, వాడు ప్రసంగమంతా గడగడా చెప్పేశాడని అంటారు. పిల్లవాడు ఎన్ని వాక్యాలు అప్పజెప్పాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ప్రభువు చదువుకయ్యే ఖర్చు భరించడం, కుర్రవాడు పేరున్న షుల్‌ఫోర్టా బడిలో 1774 నుంచి 1780 దాకా చదవడం మాత్రం చరిత్రే. మీ పిల్లలకు మిగతా కథ కూడా చెప్పండి, ఎందుకంటే అసలు పాట్లు ఆ తర్వాత మొదలయ్యాయి.

యేనాలోనూ లైప్‌జిగ్‌లోనూ క్రైస్తవ మతశాస్త్రం చదువుతూ ఉండగా ఆ సాయం ఆగిపోయింది. పట్టా లేదు, డబ్బు లేదు. ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పే కొలువు తప్ప దారి లేదు. 1788లో జ్యూరిక్‌లో ఒక హోటలు యజమాని ఇంట్లో కుదిరాడు. అక్కడ చేసిన పని చూడండి. పిల్లల పెంపకంలో తల్లిదండ్రులు చేసే తప్పులన్నిటినీ ఒక దినచర్య పుస్తకంలో రాసి, వారం వారం ఆ తల్లిదండ్రులకే చదివి వినిపించేవాడు! జీతమిచ్చేవారిని కూర్చోబెట్టి పరీక్ష పెట్టిన పంతులు ఈయన ఒక్కడేనేమో. ఆ కొలువు రెండేళ్లు కూడా నిలవలేదు. నాకు ఈ మనిషంటే చాలా ఇష్టం, ఒకే ఇంట్లో ఉండమంటే మాత్రం దండం పెడతాను.

జ్యూరిక్‌లోనే యొహానా రాన్ పరిచయమైంది. కవి క్లాప్‌స్టాక్‌కు మేనకోడలు, వయసులో ఫిఖ్టే కంటే పెద్దది. పెళ్లికి డబ్బు సమకూర్చుకోవాలని 1790లో లైప్‌జిగ్ తిరిగి వచ్చాడు. ఒక విద్యార్థి వచ్చి, ఆ రోజుల్లో జర్మనీలో అందరికంటే పేరున్న తత్వవేత్త కాంట్ తత్వం చెప్పమన్నాడు. ఫిఖ్టే అప్పటికి కాంట్‌ను చదవలేదు. ట్యూషన్ డబ్బు వదులుకోలేక చదవడం మొదలుపెట్టాడు. చదివాక మనిషి మారిపోయాడు. అంతకుముందు లోకంలో ప్రతిదీ కార్యకారణాల గొలుసులో బిగుసుకుని ఉందని, మనిషి స్వేచ్ఛ వట్టి భ్రమని నమ్మేవాడు. కాంట్ నైతిక గ్రంథం ఆ గొలుసు తెంపింది. కొత్త లోకంలో బతుకుతున్నానని అప్పటి ఉత్తరాల్లో రాసుకున్నాడు. తత్వశాస్త్ర చరిత్రలో ఇంత లాభసాటి ట్యూషన్ నాకు ఇంకొకటి తెలియదు.

1791లో వార్సాలో ఒక జమీందారు ఇంట పని కుదిరింది. ఈయన ఫ్రెంచి ఉచ్చారణ ఆ ఇంటి దొరసానికి నచ్చలేదు. పని పోయినందుకు కొంత పరిహారం ముట్టింది. ఆ డబ్బుతో నేరుగా కోనిగ్స్‌బర్గ్ వెళ్లి కాంట్ తలుపు తట్టాడు. ముసలాయన ముభావంగా పలకరించి పంపేశాడు. అప్పుడు ఫిఖ్టే ఏం చేశాడంటే, గదిలో కూర్చుని కొద్ది వారాల్లో, దేవుడు తనను తాను మనుషులకు తెలియజేస్తాడన్న నమ్మకం (రివిలేషన్) మీద ఒక పుస్తకమే రాసి కాంట్‌కు పంపాడు, ఇదే నా పరిచయ పత్రం అనుకోండని. కాంట్ మెచ్చుకున్నాడు. ఈలోగా చేతిలో చిల్లిగవ్వ మిగలలేదు. సిగ్గు చంపుకుని కాంట్‌నే అప్పు అడిగాడు. కాంట్ అప్పు ఇవ్వలేదు, రాతప్రతిని ప్రచురణకర్తకు అమ్ముకునే దారి చూపించాడు. యాచకుణ్ని రచయితగా మార్చిన ఆ తిరస్కారం నాకు కాంట్ మొత్తం నీతిశాస్త్రానికి చక్కని వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

1792లో పుస్తకం అచ్చయింది. రచయిత పేరూ ముందుమాటా లేని ప్రతులు బజారులోకి వచ్చాయి. యేనాలోని ప్రసిద్ధ సమీక్షా పత్రిక, ఇది కోనిగ్స్‌బర్గ్ మహానుభావుడి రచనే, వేరే చెప్పాలా అన్నట్టు పొగిడింది. రాసినది నేను కాదు, ఫిఖ్టే అని కాంట్ బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. నిన్నటిదాకా పని దొరకని పంతులు మర్నాటికి దేశమంతటికీ తెలిశాడు. 1793లో యొహానాతో పెళ్లి, 1794లో యేనాలో ఆచార్య పదవి. అదే కాంట్ 1799లో ఈయన సిద్ధాంతం ఏమాత్రం నిలవదని పత్రికాముఖంగా ప్రకటించి, ‘దేవుడా, మిత్రుల నుంచి కాపాడు, శత్రువుల సంగతి మేం చూసుకుంటాం’ అన్న ఇటలీ సామెత కూడా జోడించాడు. అప్పు నిరాకరించినప్పటి కంటే ఇది గట్టి దెబ్బ.

ప్రశ్న: ఫిఖ్టే నాస్తికుడా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.
– ఒక న్యాయవాది

జవాబు: కాదు. మీరడిగిన ఒక్క మాట అది. వాదించడానికి ఇంకొన్ని మాటలు నాకూ ఇవ్వండి.

1798లో ఫిఖ్టే సహసంపాదకుడిగా ఉన్న పత్రికకు ఫోర్బర్గ్ అనే ఆయన మతం మీద ఒక వ్యాసం పంపాడు. ఫిఖ్టేకు అది పూర్తిగా నచ్చలేదు. అడ్డుకోకుండా, దానికి తోడుగా తన వ్యాసం కూడా వేశాడు. అందులో ఆయన చెప్పినది ఇది: సజీవంగా, చురుగ్గా పనిచేసే నైతిక వ్యవస్థే దేవుడు. మనకు వేరే దేవుడు అక్కర్లేదు. మంచి పని వృథా కాదన్న నమ్మకంతో మనిషి కర్తవ్యం చేస్తాడే, ఆ నమ్మకమే భక్తి. ఈ వ్యవస్థ వెనక సింహాసనం మీద ఒక వ్యక్తిని కూర్చోబెడితే ఆయన్ను మనలాగే పరిమితుణ్ని చేసినట్టే.

ఇది నాస్తికత్వమని ఆరోపిస్తూ, ఓ తండ్రి విద్యార్థి అయిన కొడుక్కి రాసిన ఉత్తరం పేరుతో అనామకంగా ఒక కరపత్రం వచ్చింది. సాక్సనీ ప్రభుత్వం పత్రికను జప్తు చేసి, చర్య తీసుకోకపోతే మా విద్యార్థులను యేనాకు పంపమని బెదిరించింది. యేనా ఉన్నది వైమార్ పాలనలో. అక్కడి ప్రభువు కార్ల్ ఔగుస్ట్, మంత్రుల్లో గేథే, గొడవను మెల్లగా చల్లార్చాలని చూశారు. చిన్న మందలింపుతో తేలిపోయేది. ఫిఖ్టే ఊరుకుంటేనా! ‘ప్రజలకు విన్నపం’ అని ఒక పుస్తకం అచ్చు వేసి, జప్తు చేసే ముందు దయచేసి చదవవలసిన రచన అని అట్ట మీదే వేయించాడు. 1799 మార్చిలో మంత్రి ఫోయిట్‌కు ఉత్తరం రాస్తూ, మందలిస్తే రాజీనామా చేస్తాను, నాతో పాటు ఇంకొందరు వెళ్లిపోతారు అన్నాడు. ప్రభుత్వం మందలించింది, రాజీనామా అందినట్టే లెక్కవేసుకుంది. వెంట వస్తారనుకున్న సహోద్యోగులు రాలేదు. విద్యార్థులు మహజర్లు ఇచ్చుకున్నా ఫలితం లేకపోయింది.

న్యాయవాదులు కాబట్టి అడుగుతున్నాను, ఆ ఉత్తరం రాయమని మీరు మీ కక్షిదారుకు సలహా ఇస్తారా? నేనైతే ఇవ్వను. కానీ రెండేళ్ల ముందు ఈయనే రాశాడు, మనిషి ఏ తత్వాన్ని ఎంచుకుంటాడన్నది అతను ఎలాంటి మనిషన్న దాన్నిబట్టి ఉంటుందని, తత్వం ఇష్టమైతే ఉంచుకుని లేకుంటే పారేసే ఇంటి సామాను కాదని. స్వేచ్ఛ మొదటి సూత్రమని తరగతిలో చెప్పి, ఇంటికి వచ్చి మెత్తని ఉత్తరం రాసే మనిషి అయితే ఆయన ఆ పుస్తకాలు రాసేవాడు కాదు. ఆ మొండితనం పుస్తకాల్లో మెచ్చుకుని జీవితంలో వద్దనడం మనకు సులువు.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి రాజధాని అయిన బెర్లిన్ చేరాడు. ఈ నాస్తికుణ్ని ఉండనివ్వాలా అని ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌ను అడిగితే, ఆయనకు దేవుడితో శత్రుత్వం ఉన్న మాట నిజమైతే దేవుడే చూసుకుంటాడు, నాకేమీ అభ్యంతరం లేదు అన్నాడట. ఆ వివాదం మొత్తంలో నాకు నచ్చిన తీర్పు ఇదే.

ప్రశ్న: థీసిస్, యాంటీథీసిస్, సింథసిస్ హెగెల్‌వా, ఫిఖ్టేవా?
– పోటీ పరీక్షలకు చదువుతున్న యువకుడు

జవాబు: ఆ మూడింటినీ, అంటే వాదం, ప్రతివాదం, రెంటినీ కలిపే సమన్వయం, పద్ధతిగా వాడినవాడు ఫిఖ్టే. పైన చెప్పిన మూడు సూత్రాల నడక అదే. ఫిఖ్టే తర్వాత పేరుకెక్కిన జర్మన్ తత్వవేత్త హెగెల్ తన పద్ధతికి ఆ పేరు పెట్టుకోలేదు. హెగెల్ పోయాక ఆయనను వివరించబోయిన చాలిబాయస్ అనే ప్రొఫెసర్ పుస్తకం వల్ల ఈ ముద్ర స్థిరపడింది. మీ ప్రశ్నపత్రం ‘కీ’లో హెగెల్ అని ఉంటే హెగెల్ అనే గుర్తు పెట్టండి, ఉద్యోగం వచ్చాక దిద్దుకుందాం.

ప్రశ్న: ‘జర్మన్ జాతికి ప్రసంగాలు’ రాసినవాణ్ని మీరు స్వేచ్ఛావాది అంటున్నారు. నాజీలు ఆయన్ను పూజించలేదా? యూదుల మీద ఆయన రాసింది దాచిపెట్టారెందుకు?
– ఒక చరిత్ర అధ్యాపకుడు (ఇదే అర్థం వచ్చే ఇంకా కొన్ని ఉత్తరాలు)

జవాబు: చోటు లేక రాయలేదు, ఇప్పుడు ముందుగా అదే రాస్తాను. 1793లో ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ పేరు లేకుండా వేసిన పుస్తకంలో ఒక అధోజ్ఞాపిక ఉంది. యూదులకు మానవ హక్కులు ఉండాలి గానీ పౌరహక్కులు ఇవ్వలేమని, ఇవ్వాలంటే ఒకే రాత్రిలో వాళ్ల తలలన్నీ కోసి, ఒక్క యూదు ఆలోచన కూడా లేని వేరే తలలు అతికించాలని రాశాడు. అది కాకపోతే వాళ్ల పుణ్యభూమిని జయించి అందరినీ అక్కడికి పంపాలట. ముప్పై ఒక్క ఏళ్లవాడి ఆవేశమని, ఆ కాలం అలాంటిదని సర్దిచెప్పేవారున్నారు. స్వేచ్ఛకు పీఠం కట్టిన పుస్తకంలోనే, అదే చేత్తో రాసిన వాక్యమది. ఆ రోజుల్లో చదివిన యూదులు కూడా దాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

అదే మనిషి సాలమన్ మైమన్ అనే యూదు తత్వవేత్త ప్రతిభ మీద తనకు హద్దులేని గౌరవమని రాశాడు. 1811లో కొత్తగా వెలసిన బెర్లిన్ విశ్వవిద్యాలయానికి ఎన్నికైన మొదటి రెక్టర్ ఈయనే. ఒక యూదు విద్యార్థిని తోటివాళ్లు కొట్టి అవమానించారు, అతను ద్వంద్వయుద్ధానికి దిగలేదు. ఫిఖ్టే దెబ్బలు తిన్నవాడి పక్షాన నిలిచాడు, తోటి ఆచార్యులు కలిసి రాలేదు. 1812లో పదవి వదిలేశాడు. దీంతో అది కొట్టివేత అయిందని నేను అనడం లేదు. 1793 వాక్యం 1793లోనే ఉంది, చెరగదు.

ఇక ప్రసంగాలు. 1806లో యేనా యుద్ధంలో ప్రష్యా ఓడింది, నెపోలియన్ సేనలు బెర్లిన్‌లో ఉన్నాయి. 1807 డిసెంబరు నుంచి 1808 మార్చి దాకా ఆదివారాల్లో, బెర్లిన్ అకాడమీ భవనంలో పద్నాలుగు ప్రసంగాలు చేశాడు. ధైర్యం కావలసిన పనే. ఏడాది ముందే పామ్ అనే పుస్తక విక్రేతను ఒక కరపత్రం ప్రచురించినందుకు ఫ్రెంచివారు కాల్చి చంపారు. పామ్‌కు తగిలిన గుండు తనకూ తగలవచ్చని తెలుసునని ఫిఖ్టే ఉత్తరంలో రాశాడు. చిత్రమేమిటంటే ఫ్రెంచివారు పెద్దగా పట్టించుకోలేదు, విసిగించినది ప్రష్యా సెన్సారు అధికారులే. పదమూడో ప్రసంగం రాతప్రతి వాళ్ల దగ్గరే పోయింది.

వాటిలో అసలు కార్యక్రమం సైన్యం కాదు, బడి. స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలోట్సీ పద్ధతిలో, పేదా గొప్పా తేడా లేకుండా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి జాతీయ విద్య కావాలన్నాడు. దానితో పాటే జర్మన్ ఒక్కటే మూలం తెగని సజీవ భాష అని, మిగతావారివి కాళ్లు తెగిన భాషలని వాదించాడు. ఇది తప్పు, చదువుతుంటే చిరాకు వేస్తుంది. ఏడో ప్రసంగంలో ఇంకో మాట: స్వేచ్ఛనూ ఆత్మశక్తినీ నమ్మేవాడు ఎక్కడ పుట్టినా, ఏ భాష మాట్లాడినా మనవాడే; నమ్మనివాడు ఎక్కడ పుట్టినా పరాయివాడే. ఈ రెండు వాదాలూ ఒకే పుస్తకంలో రాజీ లేకుండా కూర్చున్నాయి. నాజీలు ఒకటి తీసుకుని రెండోది వదిలేశారు. వదిలేయడానికి వీలుగా రాసిన బాధ్యత కొంత ఫిఖ్టేదే. తాత అనడం మాత్రం లెక్క తప్పు. ఒక శతాబ్దానికి పైగా జరిగినదంతా ఒక మనిషి పద్దులో వేస్తే మధ్యలోవాళ్లందరూ తప్పించుకుంటారు.

ప్రశ్న: ఆయన సోషలిస్టా? పాస్‌పోర్టు కనిపెట్టాడని కూడా విన్నాను.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: పాస్‌పోర్టు ముందే ఉంది. ప్రతి పౌరుడి దగ్గరా గుర్తింపు పత్రం ఉండాలని, ముఖ్యమైనవారి పత్రం మీద మాటల్లో వర్ణనకు బదులు బొమ్మ గీయించాలని ఈయన హక్కుల గ్రంథంలో సూచించాడు. హెగెల్ తన రాజ్యతత్వ గ్రంథం ముందుమాటలో దీన్ని పట్టుకుని, తత్వవేత్తకు ఇది తగిన పనేనా అని ఎగతాళి చేశాడు. ఇప్పుడు జేబులో ఫొటో కార్డు లేనిదే ఎవరికీ అడుగు పడదు. ఎగతాళి ఎవరి మీదికి వెళ్లిందో మీరే చెప్పండి.

1800లో ‘మూసిన వాణిజ్య రాజ్యం’ అనే చిన్న పుస్తకం రాశాడు. ప్రతి మనిషీ తన పనితో బతకగలగాలి, ఆస్తి హక్కు అంటే మూలానికి పని చేసుకునే హక్కే, దానికి రాజ్యం పూచీ పడాలి. బయటి ధరల ఒడుదొడుకులు ఈ పూచీని దెబ్బతీస్తాయి కనుక పౌరుల విదేశీ వ్యాపారం ఆపాలి, దేశంలో మాత్రమే చెల్లే నాణెం ఉండాలి. సమస్యను బాగా పట్టుకున్నాడు. మందు మింగితే మాత్రం రోగితో పాటు వైద్యుడూ బందీ అవుతాడు. ఈ పుస్తకాన్ని ప్రష్యా ఆర్థికమంత్రి స్ట్రూయెన్సీకి అంకితమిచ్చాడు. ఆయన మర్యాదగా స్వీకరించి పక్కన పెట్టాడు.

ప్రశ్న: మీరు రాసినదాంట్లో ఆయన భార్య ఒక్క వాక్యానికి మించి ఉండదు. ఎందుకు?
– ఒక గృహిణి

జవాబు: ఆయన పుస్తకాల్లోనూ భార్యకు అంతే చోటు. పెళ్లయిన స్త్రీ తన వ్యక్తిత్వాన్ని భర్తలో కలిపేసుకోవాలని, ప్రభుత్వోద్యోగాలు స్త్రీలకు తగవని హక్కుల గ్రంథంలో వాదించాడు. ఎదుటివారి పిలుపు లేనిదే మనిషి లేడన్నవాడు ఇంట్లో ఆ సూత్రం ఎక్కడ పెట్టాడో నాకు అంతు చిక్కలేదు.

యొహానా తండ్రి వ్యాపారం దెబ్బతిని డబ్బు పోతే పెళ్లి ఆగింది, ఆమె ఎదురుచూసింది. యేనా పోయినప్పుడు బెర్లిన్‌కు వెంట వచ్చింది. 1813లో బెర్లిన్ పరిసరాల్లో జరిగిన యుద్ధాలతో నగరంలోని ఆసుపత్రులు గాయపడ్డ సైనికులతో నిండాయి. ఫిఖ్టే సైన్యంలో ప్రబోధకుడిగా వెళ్తానంటే ఎవరూ రమ్మనలేదు. యొహానా ఎవరినీ అడగలేదు, నెలల తరబడి ఆసుపత్రిలో రోగులకు సేవ చేసింది. 1814 జనవరిలో ఆమెకు విషజ్వరం సోకింది. ఆమె కోలుకుంది, ఆమె నుంచి అంటుకున్న జ్వరంతో ఆయన జనవరి 29న చనిపోయాడు. వయసు 51. ఆమె ఇంకో ఐదేళ్లు బతికింది. కొడుకు ఇమాన్యుయేల్ హెర్మన్ తర్వాత తానూ తత్వశాస్త్ర ఆచార్యుడై తండ్రి రచనలను సంపుటాలుగా అచ్చు వేయించాడు. బెర్లిన్‌లో ఫిఖ్టే ఖాళీ చేసిన ఆచార్య పీఠానికి 1818లో హెగెల్ వచ్చాడు.

ప్రశ్న: ఇదంతా చదివాక ఆయన పుస్తకం ఒకటి చదవాలనిపిస్తోంది. ఏది మొదలుపెట్టమంటారు?
– చాలామంది

జవాబు: 1794 గ్రంథం జోలికి ముందుగా వెళ్లవద్దు. అది ఆయన నోటితో వివరిస్తాడన్న భరోసాతో శ్రోతల చేతికిచ్చిన కాగితాలు. వివరించేవాడు ఇప్పుడు లేడు. దాన్ని ఆయనే చివరిదాకా పదికి పైగా సార్లు తిరగరాసి చెప్పాడు, ఎక్కువ భాగం బతికుండగా అచ్చు వేయలేదు. 1800లో వచ్చిన ‘మానవుడి కర్తవ్యం’ తీసుకోండి. సామాన్య పాఠకుల కోసం రాశాడు. మూడు భాగాలు: సందేహం, జ్ఞానం, విశ్వాసం. మొదటి భాగంలో ప్రకృతి గొలుసులో ఇరుక్కున్న మనిషి, రెండో భాగంలో ఒక ఆత్మతో సంభాషణ, దాని చివర తానూ ప్రపంచమూ రెండూ వట్టి బొమ్మలుగా మారిపోయిన మనిషి. చాలామంది అక్కడ పుస్తకం మూసేసి, ఫిఖ్టే అంటే ఇదేనని అందరికీ చెబుతారు. మీరు మూడో భాగం కూడా చదవండి. ఇంగ్లీషు అనువాదాలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. దాని తర్వాత 1794లో యేనాలో ‘పండితుడి కర్తవ్యం’ మీద చేసిన ఐదు ఉపన్యాసాలు. అవి ఒక సాయంత్రంలో అయిపోతాయి.